ఏడు పుంజులు, ఒక మంచం

ఆ వానాకాలం మా ఇంట్లో నాకూ, ఏడు కోడిపుంజులకీ పడుకునే చోటు లేకుండా పోయింది. పుంజుల తప్పేం లేదు, వాటికి వయసొచ్చింది. నాది మాత్రం ముమ్మాటికీ నా తప్పే. "రెండు వారాలే కదమ్మా, సర్దుకుందాం" అని బావగారు అంటే గంగిరెద్దులా తలూపాను.

బావగారు తొలి వాన పడిన రోజే దిగారు. రెండు పెట్టెలు, ఒక టీవీ, ఒక స్కూటరు, వెనకాల అక్క. బావగారంటే మా ఆయనకి అన్నగారు, స్కూల్లో డ్రిల్లు మాస్టారు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది. స్నానానికి వెళ్లేటప్పుడైనా తీస్తారో లేదో అక్కకే తెలియాలి. అక్కంటే మా తోడికోడలు. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలియడానికే పదేళ్లు పట్టింది. వాళ్ల అద్దింటి కప్పు కారుతోందట, ఇంటివాళ్లు బాగు చేయిస్తున్నారట. అయ్యేదాకా ఇక్కడ ఉంటామన్నారు.

ఇల్లు అత్తయ్యది. ముందు హాలు, వెనక వంటిల్లు, పక్కన రెండు గదులు. ఒక గదిలో అత్తయ్య ఒంటి మంచం, కోళ్ల దాణా బస్తాలు, అంతే, మనిషి తిరగాలంటే పక్కకి తిరగాలి. రెండోది నా గది. మా ఆయన పోయి నాలుగేళ్లు. అప్పట్నించీ నేనూ నా కూతురు చిట్టీ ఆ గదిలో, ఆ పెద్ద మంచం మీదే పడుకుంటున్నాం. కిటికీ తెరిస్తే పెరడు. బావగారు ఆ గది గుమ్మంలో నిలబడి, మంచాన్ని ఓసారి అటునించి ఇటు చూసి, "హాల్లో అయితే నీకు గాలి బాగా ఆడుతుందమ్మా" అన్నారు. చిట్టి నానమ్మ పక్కకి చేరింది. నేను చాప పట్టుకుని హాల్లోకి వచ్చాను. వాళ్ల టీవీ కూడా హాల్లోకే వచ్చింది.

నేను బేకరీలో పని చేస్తాను. తెల్లవారుజామున నాలుగింటికల్లా భట్టీ ముందుండాలి, అంటే మూడున్నరకి లేవాలి. అందుకని ఏడున్నర కొట్టేసరికి నేను పడుకోవాల్సిందే. "మా ఇంట్లో కోళ్లదీ కోడలిదీ ఒకటే వేళ" అని అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది. నవ్వితే నవ్వింది, నిజమే కదా.

కోళ్లు పడుకోబోయే వేళ ఎంత రభసో చూడని వాళ్లకి తెలియదు. పెరట్లో ఇటుక గోడలతో, రేకు కప్పుతో గూడు. లోపల మూడు కర్రలు, మెట్లలాగా ఒకదానికంటే ఒకటి ఎత్తు. పొద్దు వాలే వేళకి అత్తయ్య పీట వేసుకుని ఎదురుగా కూర్చుంటుంది. ఆవిడకి అదే సినిమా. ముందు ముసలి పెట్టలు వస్తాయి. గుమ్మంలో ఆగి, మెడ పైకీ కిందకీ ఆడించి, దూరం కొలుచుకుని, ఒక్క ఎగురు. అన్నిటికీ పై కర్రే కావాలి. కాసేపు తోసుకుంటాయి, తిట్టుకుంటాయి, సర్దుకుంటాయి. ఇదంతా అయ్యేదాకా పెద్ద పుంజు గుమ్మం దగ్గర కాలు మార్చి కాలు వేస్తూ నిలబడుతుంది. దాని పేరు దొర. చివరి పెట్ట ఎక్కాక అప్పుడు దొరగారు లోపలికి వెళ్లి, పై కర్ర నడిమధ్యన ఎక్కి, రెక్కలు ఓసారి విదిలించి కూర్చుంటారు. ఆయనకోసం ఆ నడిమధ్య చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

ఆ వేసవిలో పొదిగిన పిల్లలు పదకొండు. అందులో ఏడు పుంజులే.

"పదకొండులో ఏడా! ఇంక గుడ్లు పెట్టేదెవరు, దొరా?" అన్నాను నేను.

"వాటి జోలికి పోకు. పుట్టినవాటిని ఏం చేస్తాం?" అంది అత్తయ్య.

పిల్లలుగా ఉన్నప్పుడు ఏ గొడవా లేదు. తల్లి పొట్ట కింద దూరి పడుకునేవి. ఒకరోజు సాయంత్రం తల్లి వాటిని నేల మీద వదిలేసి కర్ర ఎక్కేసింది. అవి కింద గోల గోల పెట్టి, చివరికి మూలన ఒకదాని మీద ఒకటి పడి పడుకున్నాయి. తర్వాత కింది కర్రకి వచ్చాయి. పెట్టపిల్లలు నాలుగూ ఎప్పుడెక్కాయో, పెద్ద పెట్టల మధ్యలో దూరిపోయాయి. వాటినెవరూ ఏమీ అనలేదు. పుంజులకి మాత్రం తురాయి ఎర్రబడిందో లేదో, దొర కంట్లో పడ్డాయి. పై కర్ర మీదకి ఏది ఎక్కినా మెడ మీద ఒక్క పోటు, దబ్బున కింద. ఎక్కడం, పడటం. ఎక్కడం, పడటం.

"కింది కర్ర ఖాళీగానే ఉందిగా అత్తయ్యా, దాని మీద పడుకుంటే పోలా?"

"పడుకోవచ్చు. పడుకోవు" అంది అత్తయ్య. "కూత నేర్చిన పుంజు కింద పడుకోదమ్మాయ్. పైన చోటివ్వకపోతే బయటికి పోతుంది గానీ."

అన్నట్టే బయటికి పోయాయి. సాయంత్రమైతే చాలు, గూడు చుట్టూ తచ్చాడటం, లోపలికి తొంగి చూడటం, వెనక్కి రావడం. బాగా మసక పడ్డాక ఒకటి నీళ్ల డ్రమ్ము మీద, మూడు గోడ మీద, ఇంకోటి బట్టలు ఉతికే బండ మీద. అన్నిట్లోకీ పెంకిది ఎర్రోడు. ఒళ్లంతా ఎరుపు, తోకలో ఒక్క నల్ల ఈక. రేకుల పంచ కింద వాన తడవకుండా పెట్టిన బావగారి స్కూటరు హ్యాండిల్ మీద ఎక్కి కూర్చుంది. దాన్ని చూసి ఇంకోటి సీటు మీద చేరింది. పొద్దున చూడాలి ఆ స్కూటరుని.

ఇక హాల్లో నా సంగతి. మొదటి రోజు ఏడున్నరకి చాప వేసుకుని, దుప్పటి తలమీదుగా కప్పుకున్నాను. నా కాళ్ల దగ్గర కుర్చీ వేసుకుని బావగారు టీవీ పెట్టారు.

"బావగారూ, కాస్త శబ్దం తగ్గిస్తారా? మూడున్నరకి లేవాలి నేను."

"మ్యాచ్ అమ్మా. ఆటలు చూడటం నా ఉద్యోగంలో భాగం."

"తెల్లవారకముందే రొట్టెలు కాల్చడం నా ఉద్యోగంలో మొత్తం, బావగారూ."

ఆయన మంచి జోకు విన్నట్టు నవ్వి, ఒక్క గీత తగ్గించారు. ఎవరో ఏదో కొట్టగానే మూడు గీతలు పెంచారు. పదకొండున్నర దాటాక లేచి, నా గదిలోకి వెళ్లి, నా మంచం మీద పడుకుని, తలుపేసుకున్నారు. రెండు వారాలు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. "మధ్యాహ్నం ఓ కునుకు తియ్యొచ్చుగా" అనేవారు. మధ్యాహ్నం నేను ఆయన డ్రిల్లు నిక్కర్లు ఉతుకుతున్నానని ఆయనకి తెలియనట్టు.

ఆరో వారంలో ఒకరోజు భట్టీ ముందు నిలబడే నిద్రపోయాను. గోడకి ఆనుకున్నానంతే. కళ్లు తెరిచేసరికి పొగ. తలుపు లాగి ట్రే పట్టుకున్నాను, గుడ్డ లేకుండా. రొట్టెలు బొగ్గులయ్యాయి, నా అరచెయ్యి బొబ్బలెక్కింది. మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. మంచివాడే, కానీ ఆయన మంచితనం మాడిన వాసన వచ్చేదాకానే.

"నిద్రపోతూ కాల్చావా ఏంటి?"

"నిద్ర ఉంటే ఈ బాధెందుకు మేస్త్రీ? నిద్ర లేకే కాల్చాను."

"నాకు కథలొద్దు. ఇంకొక్క ట్రే మాడిందంటే నీ చోట్లో ఇంకో మనిషి నిలబడుతుంది. ఇప్పుడే చెప్తున్నా."

ఆ చోటు కోసం నేను ఎంత తిరిగానో నాకు తెలుసు. మా ఆయన పోయాక మొదటి ఏడాది ఎవరింటికి వెళ్లినా చేతిలో ఏదో పెట్టి పంపేవాళ్లు, జాలిగా చూసేవాళ్లు. బేకరీలో చేరాక ఆ చూపు పోయింది. ఆ పని పోతే మళ్లీ ఆ చూపుల కిందకి వెళ్లాలి. చచ్చినా వెళ్లను. ఇంటికొస్తూ దారి పొడుగునా అదే అనుకున్నాను, పైకే అనుకున్నానేమో కూడా, ఎవరో తిరిగి చూశారు.

ఆ వారమే బావగారు పుంజుల పని పట్టారు. ఉతికిన తెల్ల ప్యాంటు వేసుకుని చూసుకోకుండా స్కూటరెక్కారు. స్కూల్లో పిల్లలు మైదానం అంతా దొర్లి దొర్లి నవ్వారని చిట్టి చెప్పింది. అది అదే బళ్లో చదువుతోంది. ఇంటికొచ్చి మా పెరట్లో నిలబడి ఈల తీశారు.

"అమ్మా, ఈ కోళ్లకి క్రమశిక్షణ లేదు!"

"కోళ్లురా అవి" అంది అత్తయ్య.

"మూడొందల మంది పిల్లల్ని వరసలో నిలబెడతాను నేను. ఏడు పుంజులు నాకో లెక్కా? రోజూ ఐదింటికి లోపల ఉండాలి, అంతే."

"వెలుతురుండగా మూస్తే పొడుచుకుని చస్తాయిరా. చీకటి పడనీ."

"చీకటి పడ్డాక వరస ఏం కనపడుతుంది?" అన్నారాయన.

మర్నాడు సెలవు. అత్తయ్యా నేనూ చిట్టిని తీసుకుని బజారుకి వెళ్లాం. మేం లేని సమయం చూసి, బావగారు ఈల వేస్తూ, చీపురు తిప్పుతూ, ఏడింటినీ గూట్లోకి తోలారు. పెట్టలనీ తోలారు. దొరనీ తోలారు. తలుపేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని స్కూటరు మీద షికారుకెళ్లారు. మేం వచ్చేసరికి ఐదున్నర. ఎండ ఇంకా గోడ మీదే ఉంది. గూట్లోంచి వచ్చే చప్పుడు వీధి మొదట్లోకే వినిపించింది.

అత్తయ్య సంచీ అక్కడే పడేసి పరిగెత్తింది. డెబ్బై ఏళ్ల మనిషి అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. తాళం లాగింది, తలుపు తట్టింది, "దొరా, వద్దురా, వద్దురా" అని మనిషికి చెప్పినట్టు గట్టిగా అరిచింది. రేకు సందులోంచి చూస్తే ఈకలు తప్ప ఏమీ కనపడలేదు. తాళం పగలగొట్టడానికి బండరాయి తెచ్చాను. నా కాలిన చేతికి పట్టు చిక్కలేదు. చీకటి పడుతుంటే లోపలి చప్పుడు దానంతటదే ఆగిపోయింది.

బావగారు వచ్చి తలుపు తీశారు. కింది కర్ర దగ్గర ఒక పుంజు పడి ఉంది, మెడ వాలిపోయి. ఎర్రోడికి కంటి పక్కన చీలిపోయింది.

"అది ఎలాగూ బక్కది" అన్నారు బావగారు. "బతికే రకం కాదు."

అత్తయ్య ఆయన మొహంలోకి చూడలేదు. పుంజుని రెండు చేతులతో ఎత్తి గోడ వారగా పట్టుకెళ్లింది. వండుదామని ఎవరూ అనలేదు. నేను రెండో చేత్తోనే గుంట తవ్వాను. చిట్టి ఏడుస్తూనే మట్టి వేసింది. మిగిలిన ఆరూ తలుపు తెరవగానే చీకట్లో పడుతూ లేస్తూ బయటికి వచ్చేశాయి, మళ్లీ ఆ గుమ్మం వైపు రాలేదు.

మర్నాడు సాయంత్రం అత్తయ్య పీట వేసుకుని కూర్చుని, మాటిమాటికీ తన అరచెయ్యి చూసుకుంటోంది.

"ఏం చూస్తున్నారు?"

"చేతి గీతలు. ఇంకా కనపడుతున్నాయి. కనపడుతున్నంతసేపూ వాటిని ముట్టుకోకూడదు."

గీతలు కనపడని వేళ అయింది. అత్తయ్య లేచి, స్కూటరు మీదున్న ఎర్రోణ్ణి వెనకనించి రెక్కలు రెండూ కలిపి పట్టుకుని, నడుం మీద బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. అరవలేదది. గూట్లో పై కర్ర చివర దాని కాళ్లు ఆనించింది. వేళ్లు వాటంతటవే కర్రని చుట్టుకున్నాయి. "నువ్వు చెయ్యి పెట్టు వీపు మీద" అంది నాతో. పెట్టాను. చేతి కింద గుండె టకటక కొట్టుకుంటోంది. దొర అటువైపు నించి గుర్రుమన్నాడు, ఒకసారి గాలిలో పొడిచాడు, చీకట్లో ఎవరో ఏమిటో తెలియక ఊరుకున్నాడు. కాసేపటికి ఎర్రోడి గుండె నెమ్మదించింది. కోడి కన్ను కింది రెప్ప పైకి వచ్చి మూసుకుంటుందని నాకు తెలిసింది ఆ రోజే. ఆరింటినీ అలాగే ఒక్కొక్కటిగా తెచ్చి పెట్టాం. మాట్లాడకూడదంది, మాట్లాడలేదు.

"ఇలా మూడు సాయంత్రాలు చెయ్యాలి" అంది బయటికొచ్చాక.

మూడో సాయంత్రం ఆఖరి పుంజుని పెట్టి వస్తుంటే వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ.

"నీకొకటి చెప్పాలి చెల్లీ. నేను చెప్పానని ఆయనకి చెప్పకు."

"చెప్పక్కా."

"మా ఇంటి కప్పు కారట్లేదు. ఆ ఇల్లు మేం వచ్చిన రోజే ఖాళీ చేసేశాం. అమ్మ ఇల్లుండగా అద్దెకెందుకన్నారు. నేను వద్దన్నాను." చెంగు మళ్లీ వేలికి చుట్టుకుంది. "లోపల అన్నాను. పైకి కాదు."

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అత్తయ్య కాళ్లు కడుక్కుంటోంది. ఆవిడ మీద పడ్డాను.

"మీకు తెలుసా ఇది?"

"పదిహేను రోజుల కింద తెలిసింది."

"తెలిసీ ఊరుకున్నారా? నేను చెయ్యి కాల్చుకొచ్చిన రోజు కూడా ఊరుకున్నారా?"

"వాడు నా పెద్ద కొడుకమ్మాయ్. లేచి పొమ్మనడానికి నాకు నోరు రాదు."

"నోరు రాదా! కోడికోసం వీధంతా వినపడేట్టు అరిచారే, నాకోసం రాలేదా నోరు?"

అత్తయ్య చెంబు కింద పెట్టింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా నేను తగ్గలేదు. తగ్గి తగ్గి ఇక్కడికొచ్చాను.

"నాకు రాదన్నాను" అందావిడ. "నిన్ను ఊరుకోమన్నానా?"

నాలుగో సాయంత్రం మేం ఏమీ ముట్టుకోలేదు. పీట మీద అత్తయ్య, మెట్టు మీద నేను, చిట్టి. పెట్టలు వెళ్లాయి. దొర వెళ్లాడు. పుంజులు గుమ్మం దగ్గర కాసేపు ఆలోచించాయి. ఎర్రోడు మెడ ఆడించి ఒక్క ఎగురు ఎగిరి, మేం పెట్టిన చోటే, ఆ చివరే కూర్చున్నాడు. దొర మెడ సాచి ఒక్క పోటు పొడిచాడు. ఎర్రోడు కదల్లేదు. ఇంకో పోటు. కదల్లేదు. దొర తల తిప్పుకుని ఈకలు సర్దుకున్నాడు. తక్కిన ఐదూ వెనకే వెళ్లాయి.

"పొద్దుగూకే వేళకి ఎవరెక్కడుంటే ఆ చోటు వాళ్లది" అంది అత్తయ్య గూడు వైపే చూస్తూ. "గొడవ పడక్కర్లేదు. వేళకి అక్కడ ఉండాలి, పొడిస్తే కదలకూడదు."

నేను చేతి గీతలు చూసుకోలేదు, నాకంత ఓపిక లేదు. మర్నాడు సాయంత్రం ఆరింటికల్లా వంట ముగించి, గిన్నెల మీద మూతలు పెట్టి, చిట్టిని పిలిచి, నా గదిలోకి వెళ్లి, నా మంచం మీద పడుకున్నాను. లైటు తీసేశాను. తలుపు బార్లా తెరిచే ఉంచాను.

అక్క తొంగి చూసింది. "ఒంట్లో బాగోలేదా చెల్లీ?"

"బంగారంలా ఉంది. నిద్రొస్తోంది."

ఏడింటికి బావగారు వచ్చారు. గుమ్మం దాకా వచ్చి, మంచం మీద మరదలు పడుకుని ఉండటం చూసి, కాలు లోపల పెట్టాలో వద్దో తెలియక అక్కడే ఆగిపోయారు. పక్కకి తిరిగి, అక్కతో మాట్లాడుతున్నట్టు నాకు చెప్పడం మొదలెట్టారు.

"ఆ అమ్మాయిని లెమ్మను. హాల్లో చాప ఉందిగా."

"లేవను బావగారూ" అన్నాను చీకట్లోంచి. "పడుకున్నాను."

"ఇది పెద్దవాళ్లకి ఇచ్చే మర్యాదా?"

"మర్యాద వంటింట్లో మూత పెట్టి ఉంచాను. వేడిగానే ఉంది, తినండి."

చిట్టి దుప్పటి నోట్లో కుక్కుకుంది. బావగారు ఏమీ తోచనప్పుడు చేసే పనే చేశారు, గుమ్మంలో నిలబడి ఈల ఊదారు. మూడొందల మంది పిల్లలు వరసలో నిలబడేంత గట్టిగా. నేను అటు తిరిగి పడుకున్నాను. నా గుండె కూడా టకటకమని కొట్టుకుంటూనే ఉంది, అబద్ధమెందుకు. కానీ కదల్లేదు. ఆ రాత్రి వాళ్లిద్దరూ హాల్లో పడుకున్నారు. నేను ఏడు వారాల తర్వాత ఏడు గంటలు నిద్రపోయాను. పొద్దున మేస్త్రి నా మొహం చూసి, "ఏంటి, లాటరీ తగిలిందా?" అన్నాడు.

రెండో రోజు బావగారు ఆరింటికే వచ్చేశారు, చోటు పట్టుకుందామని. నేను ఐదింటికే పడుకున్నాను. వెలుతురు కళ్లలో పడుతోంది, నిద్రెక్కడిది? కళ్లు మూసుకుని చిట్టి చేత ఎక్కాలు చెప్పించుకున్నాను. ఆయన హాల్లో పచార్లు చేస్తూ, ఇంట్లో ఆడవాళ్లకి అదుపు లేకపోతే ఏమవుతుందో గోడలకి చెప్పారు. అత్తయ్య దాణా చేటలో చెరుగుతూ కూర్చుంది, తల ఎత్తలేదు.

మూడో రోజు నేను బేకరీనించి వచ్చేసరికి నా గదికి తాళం వేసి ఉంది. గూటికి వేసిన తాళమే.

చూస్తూ నిలబడ్డాను. అరుద్దామనుకున్నాను, రాలేదు. బండరాయి తెద్దామనుకున్నాను, చేతి బొబ్బలు ఇంకా మానలేదు. చివరికి ఏం చేశానంటే, వంట చేశాను, స్నానం చేశాను, చిట్టికి నాలుగు ముద్దలు తినిపించాను, ఆరు కాగానే ఆ తాళం వేసిన తలుపు ముందు, ఉత్త నేల మీద, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. దిండు ఒళ్లో పెట్టుకున్నాను. చిట్టి నా భుజం మీద వాలింది. తలుపు తెరుచుకునేదాకా ఇక్కడే, అనుకున్నాను. రేపూ ఇక్కడే, ఎల్లుండీ ఇక్కడే. పని పోతే పోనీ, ఇంకోటి వెతుక్కుంటాను, ఈ గుమ్మం మాత్రం వదలను.

పెరట్లో పెట్టలు సణుక్కుంటూ కర్రలెక్కుతున్న చప్పుడు వినపడుతోంది. అక్క హాల్లోంచి వచ్చింది. చంకలో దిండు. కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది. ప్రతి తాళానికీ రెండు చెవులుంటాయనీ, రెండోది పెళ్లాం దగ్గరే ఉంటుందనీ బావగారు మర్చిపోయినట్టున్నారు.

"లే చెల్లీ" అంది. తలుపు తీసింది. మమ్మల్ని లోపలికి పోనిచ్చి, తనూ వచ్చి, గొళ్లెం పెట్టింది.

"అక్కా, నువ్వెక్కడికి?"

"జరుగు" అంది. "ఇరవై ఏళ్లనించి ఆ టీవీ ఆపేదాకా మేలుకునే ఉంటున్నాను. నాకూ నిద్రొస్తోంది."

చిట్టిని గోడవైపుకి తోసి జరిగాం. ముగ్గురం ఆ మంచం మీద ఒకరి మోచెయ్యి ఒకరికి గుచ్చుకుంటూ పడుకున్నాం. అక్క తలనూనె వాసన. ఎవరికో నవ్వొచ్చింది, అది అందరికీ అంటుకుంది, ఆపుకోలేక దిండుల్లో మొహాలు పెట్టుకున్నాం.

ఏడున్నరకి స్కూటరు చప్పుడు. తర్వాత హాల్లో చెప్పుల చప్పుడు. తలుపు తోశారు, రాలేదు.

"ఈ తాళం ఎవరు తీశారు?"

నేను నోరు తెరిచేలోపు అక్క అంది. "నేను తీశాను."

ఆయన ఆ గొంతు గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టి ఉంటుంది. తర్వాత టీవీ మోగింది, ఇల్లు అదిరేట్టు. కావాలనే పెట్టారు. చిట్టి చెవులు మూసుకుంది. అక్క లేచి కూర్చుంది. అయిపోయింది, వెళ్లిపోతుంది, ఆయన పక్కన కూర్చుని పొద్దుపోయేదాకా ఆవలిస్తుంది, అనుకున్నాను. గొళ్లెం తీసి వెళ్లింది. టీవీ టక్కున ఆగిపోయింది. తిరిగొచ్చింది, చేతిలో టీవీ వైరు, ప్లగ్గుతో సహా. చుట్ట చుట్టి దిండు కింద పెట్టుకుని, మళ్లీ "జరుగు" అంది.

"అమ్మా!" బావగారి అరుపు, చిన్నపిల్లాడి అరుపులా ఉంది. "చూస్తున్నావా వీళ్లని? చూస్తూ ఊరుకుంటావా?"

అత్తయ్య గదిలోంచి మంచం కిర్రుమన్న చప్పుడు వచ్చింది. ఆవిడ లేస్తోందో, అటు తిరిగి పడుకుంటోందో తెలియలేదు. అక్క నా చెయ్యి పట్టుకుంది, కాలిన చెయ్యి, నొప్పెట్టింది, అయినా వదిలించుకోలేదు.

"పొద్దుపోయింది, పడుకోరా పెద్దోడా" అంది అత్తయ్య.

"ఎక్కడ పడుకోమంటావే? ఎక్కడ?"

"నీ తమ్ముడి పెళ్లాం రెండు నెలలు పడుకున్న చోటుందిగా" అంది అత్తయ్య. గొంతు పెంచలేదు. "చాప కూడా అక్కడే ఉంది."

ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నిద్ర పట్టేసింది.